విత్తనాల మూట మీద కూర్చుని చూసిన సెమీఫైనలు

నేను కాశీ పోలేదు, రామేశ్వరం పోలేదు. మా వీధిలో ఆడోళ్ళు తీర్థయాత్రలు చేసొచ్చి నెలదినాలు చెప్పుకుంటారు. నేను ముప్పై ఏండ్ల పైబడి ఒకే ఒక ప్రయాణం గురించి చెప్పుకుంటాండా. మా ఊరి నుంచి పావగడ తాలూకా వై.ఎన్.హొసకోటకు పోయి, మూడో దినం తిరిగొచ్చినాను. అదీ వాలీబాల్ ఆట కోసం. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు.

మా ఊరు కళ్యాణదుర్గం పక్క. నన్ను మా మేనమామకే ఇచ్చినారు కాబట్టి పెండ్లయినా ఊరు మారలేదు, ఇల్లు మారలేదు. ఇంటి ముందర కల్లం. శెనక్కాయ నూర్చినన్నాళ్ళే అది కల్లం, మిగతా కాలమంతా వాలీబాల్ కోర్టు. చిన్నప్పటి నుంచి వాకిట్లో కూర్చుని కాయలు ఒలుస్తా ఆట చూసినదాన్ని. ఎవడు బాలు బాగా లేపుతాడు, ఎవడు నెట్టు తాకి తాకలేదని బుకాయిస్తాడు, అన్నీ నాకు తెలుసు. బాలు ముట్టింది మాత్రం లేదు. ఇంట్లోకి వచ్చి పడితే తీసి విసిరేసేదాన్ని, అంతే.

ఎనభైల్లో వరసగా కరువులు. ఆ ఏడు మా ఊరి టీము హొసకోట టోర్నమెంటులో సెమీఫైనలుకు పోయింది. ఎదుటి టీము హొసకోటే. అందులో బాలు లేపేది మా అక్క మొగుడు, మా బావ తిప్పేస్వామి. ఇట్లాంటి ఆట విడిచిపెట్టి నేను ఇంట్లో కూర్చుంటానా?

కూర్చోబెట్టేదే మా అమ్మ. కానీ ఆమెకు ఒక పని పడింది.

ట్రాక్టరు మీద

మా అక్క సరోజను ఇచ్చింది హొసకోటకు మూడు మైళ్ళ దూరం పల్లెకు. ముందటేడు వాళ్ళు వేసిన విత్తనం మొలవకనే మట్టిలో మాడిపోయింది. ఈ ఏటికి వేసేదానికి ఇంట్లో ఒక్క గింజ లేదు. అమ్మ అటక మీద దాచుకున్న విత్తనం కాయల్లోంచి ఒక మూట దించింది. ఊరి పిల్లోళ్ళంతా ఆటకని ట్రాక్టరులో పోతాండారు గదా, వాళ్ళతో పంపిస్తే సరిపోతాదని ఆమె లెక్క.

"నేరుగా అక్క ఇంటికి పో. ఆట గీట అని నడమధ్యలో నిలబడినావంటే కాళ్ళిరగ్గొడతా. అది విత్తనం. మళ్ళ ఇంకో మూట ఇచ్చేదానికి నా కాడ లేదు" అని చెప్పింది.

తెలీనోళ్ళకు ఇక్కడ రొంత చెప్పాల. శెనక్కాయ తొక్కతో ఉంటే వచ్చే ఏటికైనా నిలబడతాది. ఒలిచినామంటే పదీ పదిహేను దినాలే. పురుగు పడతాది, ఎర్రపొట్టు లేచిపోతాది, మొలక చస్తాది. నీళ్ళు తగిలినా పనికిరాదు. అందుకే వాన పడినంకనే విత్తనం ఒలుస్తారు. పడినంక నేలలో పదును ఉండేది మూడు నాలుగు దినాలు. ఆ లోపల రాత్రీ పగలూ ఒలిచి వేసుకోవాల. మా పక్కా అదే పద్ధతి, పావగడ పక్కా అదే పద్ధతి. వాన పడకముందు విత్తనం ఒలిచినోళ్ళను నేను చూడలేదు, ఆ దినం దాకా.

ట్రాక్టరులో మూట మీద నేను, చుట్టూ పిల్లోళ్ళు. మా టీముకు షాట్లు కొట్టేది ఓబులేసు. మా పక్కింటివాడే, పొడుగు మనిషి, ఎగిరితే నెట్టు మీద నడుము దాకా కనపడతాడు. "అక్కా, మీ బావను ఈ దినం ఏడిపిస్తాం చూడు" అంటాడు. "ఏడిపించు నాయనా, కన్నీళ్ళు నేను తుడుస్తాలే" అన్నా. దారి పొడుగునా చేన్లు దున్నిపెట్టి ఖాళీగా ఉండాయి. జనం ఆకాశం పక్క చూసేది కూడా మానుకున్నారు.

హొసకోట హోటల్లో

రాష్ట్రం మారిందని బోర్డులు చూస్తేనే తెలుస్తాది. బోర్డులన్నీ కన్నడం, నోర్లన్నీ తెలుగు. బస్టాండు కాడ ఒక హోటల్లో దిగినాము. ఉగ్గాని ఉందా అని అడిగితే హోటలామె నన్ను ఎగాదిగా చూసి, "ఒగ్గరణె అంటామమ్మా మేము" అని బొరుగులు నానబెట్టి తిరగమాత వేసినది ప్లేటు నిండా తెచ్చిపెట్టింది. మా ఉగ్గానే. మా పక్క పప్పులపొడి ఎక్కువ, వీళ్ళు పచ్చిమిరపకాయ ఎక్కువ. టీ మా ఊరి కన్నా పది పైసలు తక్కువ. పాలు కూడా దానికి తగినట్లే ఉండాయి.

"యాడికమ్మా మూట?" అని అడిగింది హోటలామె.

"మా అక్కకు. విత్తనం."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "విత్తనమా! ఎంత దినమాయమ్మా ఆ మాట విని" అని చెప్పి, నాకు ఇంకో గరిటె ఒగ్గరణె ఊరికే వేసింది.

అక్క ఊరికి పోయే దారి హోటలుకు కుడిపక్క. హైస్కూలు గ్రౌండు ఎడమపక్క. ఎడమపక్క నుంచి విజిల్ వినపడింది. బావ ఎట్లా గ్రౌండులోనే ఉంటాడు కదా, ఆట అయినంక బావ నెత్తిన మూట పెట్టి పంపిస్తే పోలా, అనుకున్నా. ఎంత మంచి సాకు దొరికిందో చూడండి. మూట గ్రౌండుకు ఓబులేసే మోసినాడు.

తుమ్మచెట్టు నీడ

పొద్దున తిరుమణికీ బలసముద్రానికీ మొదటి సెమీఫైనలు. మాది మధ్యాన్నం. కోర్టు చుట్టూ సున్నం గీత గీసినారు. వెనక గీతకు రెండు బారల దూరంలో చిన్న తుమ్మచెట్టు ఉంటే దాని కింద మూట వేసి, దాని మీద కూర్చున్నా. గ్రౌండంతా మొగోళ్ళు. ఆడది ఒకతే కూర్చుందేందబ్బా అని నలుగురు చూసినారు. చూసి చూసి వాళ్ళకే విసుగొచ్చింది.

కొంచెం సేపటికి ఒక అవ్వ వచ్చి పక్కన కూలబడింది. ఎండలో కూడా భుజాన కంబళి. బలసముద్రం ఈరమ్మవ్వ అంట, గొర్రెలు కాసే ఇల్లు. మనవడు ఆడతాండాడని నడుచుకుంటా వచ్చిందంట. ఆటంటే ఏమిటో ఆమెకు తెలీదు. బాలు ఎవరి పక్క పడినా "మావోడే, మావోడే" అంటుంది. నాకు నవ్వాగలేదు.

విజిల్ ఊది స్కోరు చెప్పేది హొసకోట బడి పీటీ మేష్ట్రు. "ఒందు, ఎరడు" అని కన్నడంలో అరుస్తాండె. ఈడ జనానికి ఇంట్లో తెలుగు, పోట్లాట తెలుగు, లెక్క మాత్రం కన్నడం. బడి అట్ల నేర్పింది. నేనూ రెండో సెట్టుకల్లా హన్నొందు, హన్నెరడు అని అరుస్తాండా.

ట్రాక్టరు కుదుపులకు మూట మూతికి కుట్టిన పురికొస తెగి ఉండె. నాలుగు కాయలు కింద పడినాయి. తీసి మళ్ళీ లోపల వేయాల్సింది. కానీ ఆట చూస్తా చేతులు ఊరికే పెట్టుకున్న అలవాటు నాకు పుట్టినప్పటి నుంచి లేదు. నాలుగు కాయలు ఒలిచి గింజలు ఒళ్ళో వేసుకున్నా. మళ్ళ నాలుగు. ఈరమ్మవ్వ అడగకుండా మూటలో చెయ్యి పెట్టి ఒక దోసెడు తీసుకుని తానూ ఒలిచేది మొదలుపెట్టింది. మా పక్క అంతే, ఒక మనిషి కాయలు ఒలుస్తా ఉంటే పక్కన కూర్చున్నోళ్ళు ఊరికే ఉండరు. అడగరు, మనమూ రమ్మనం. విరిగిన బద్దలు నోట్లో వేసుకోవచ్చు, నిండు గింజ మాత్రం ఎవరూ తినరు. ఆడోళ్ళు కూర్చుని ఉండేది చూసి ఇంకో ముగ్గురు వచ్చి చేరినారు. నా దుప్పటి పరిచి గింజలు దాని మీద పోసినాము.

బలసముద్రం ఓడిపోయింది. ఈరమ్మవ్వ మనవణ్ణి తిట్టి, మేష్ట్రును తిట్టి, తిరుమణి వాళ్ళను మూడు తరాల దాకా తిట్టింది. ఇంటికి మాత్రం పోలేదు. చేతిలో కాయలు ఉండాయి కదా.

మధ్యాన్నం

మా ఆట మొదలాయ. మొదటి సెట్టు మాది, రెండోది హొసకోటది. ఓబులేసు కొడితే బాలు నేలకు తగిలి తలల మీద నుంచి ఎగిరి పోతాండె. అవతల మా బావ పొట్టి మనిషి, పిల్లి మాదిరి బాలు కిందికి దూరి మెత్తగా లేపుతాడు. అరిచి అరిచి నా గొంతు పోయింది. ఒకసారి మరిచిపోయి బావ లిఫ్టుకు కూడా చప్పట్లు కొట్టినా. మా ఊరోళ్ళు నా పక్క తిరిగి చూసినారు.

మూడో సెట్టు మొదట్లో కాయ కోసం మూటలో చెయ్యి పెడితే చేతికి గోనె తగిలింది. మళ్ళీ తడిమినా. గోనే. మూట మొత్తం ఖాళీ.

ఈరమ్మవ్వ అప్పుడు అడిగింది. "పాపా, మీ ఊర్లో వాన పడిందా?"

"లేదవ్వా."

"మీ అక్కోళ్ళ ఊర్లో?"

"లేదవ్వా."

"మరి ఏల ఒలిపిస్తివే మా చేత!"

ఆకాశం చూసినా. కడిగిన గిన్నె మాదిరి ఉండాది, ఒక్క మబ్బు తునక లేదు. దుప్పటి నిండా ఎర్రగా గింజలు. మా అమ్మ రెండేండ్లు అటక మీద కాపాడిన విత్తనం, ఆట చూస్తా ఒక పూటలో పాడుచేసినా. పదిహేను దినాల్లోపల వాన రాకుంటే అక్క చేతికి పోయేది నూనెకు పనికొచ్చే పప్పే. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది.

ఎనిమిది పాయింట్లకు టీములు పక్కలు మారినాయి. హొసకోటోళ్ళు నా ముందరి పక్కకు వచ్చినారు. బావ చెమట తుడుచుకుంటా నన్ను చూసి నవ్వినాడు. తర్వాత దుప్పటిని చూసినాడు.

"ఏంది మరదలా ఇది?"

"విత్తనం బావా."

"ఎవరిది?"

"మీదే."

ఆయప్ప ముఖంలో నెత్తురు చుక్క లేదు. తిట్టినా బాగుండు. పోయి సర్వీసు వేస్తే అది నెట్టుకు తగిలింది. తర్వాత లేపిన బాలు లేవలేదు. వెనకబడి ఉన్న మా వాళ్ళు పది, పదకొండు, పన్నెండుకు పోయినారు. "అక్కా, చూసినావా!" అని అరిచినాడు ఓబులేసు. చూసినా నాయనా. నేను పుట్టినప్పటి నుంచి కోరుకున్న గెలుపు వస్తాండాది, నా నోట్లోంచి కేక రావడం లేదు. ఆ పాయింట్లు ఓబులేసువి కావు, నావి. మా బావ చేతులు నేనే విరగ్గొట్టినా.

ఎట్లో తేరుకున్నాడు మనిషి. హొసకోట పదమూడుకు వచ్చింది. మేము పద్నాలుగు. సర్వీసు మా చేతిలో. "హదినాల్కు, హదిమూరు" అన్నాడు మేష్ట్రు. ఇంకొక్క పాయింటు వస్తే ఆట మాదే.

ఆ బాలు

పడమటి నుంచి గాలి లేచింది. మొదట దుమ్ము అనుకున్నాము. ఆ దుమ్ములో వాసన ఉండాది. మన్ను తడిసిన వాసన. యాడో దగ్గర్లోనే పడతాండాది. ఎప్పుడు కమ్ముకొచ్చిందో తెలీదు, కొండ మీద నుంచి నల్లగా మబ్బు నెత్తి మీదికి వచ్చేసింది.

మా వాళ్ళు సర్వీసు వేసినారు. బాలు ఇటు వచ్చింది, అటు పోయింది, మళ్ళా వచ్చింది, మళ్ళా పోయింది. ఓబులేసుకు లిఫ్టు లేచింది. ఎంత ఎత్తు లేచిందో! అదే టయానికి నా చేతి మీద ఒక చినుకు పడింది. లావు చినుకు, చల్లగా. దుప్పటి మీద టప్పుమని ఇంకొకటి.

ఓబులేసు ఎగరడం చూసినా. చెయ్యి వెనక్కి పోవడం చూసినా. ఇంకొక్క రెప్పపాటు చూస్తే చాలు. కానీ తల దించినా. దుప్పటి నాలుగు చెంగులూ లాగి గింజల మీద మడిచి, దాని మీద బోర్లా పడినా. ఈరమ్మవ్వ కంబళి తెచ్చి నా మీద కప్పి, తానూ దాని కిందికి దూరింది. లోపల చీకటి, గొర్రెల వాసన, అవ్వ ఊపిరి. చెవి పక్కనే ధబ్బుమని బాలు నేల తాకింది. అంతే నాకు తెలిసింది.

పైన కేకలు. "లోపలే!" "బయటప్పా!" "గీత మీద పడింది!" మేష్ట్రు విజిల్ ఊదుకుంటా పరిగెత్తి వచ్చి కంబళి ఎత్తినాడు. "అమ్మా, నీ పక్కనే పడింది. నువ్వు చెప్పు. లోపలా, బయటా?"

"నేను చూడలేదు సార్. మీరు చూడలేదా?"

ఆయప్ప తల గీరుకున్నాడు. మొహమంతా నీళ్ళు. "నేను మబ్బు చూస్తా ఉంటిని" అన్నాడు మెల్లగా.

గ్రౌండంతా మబ్బే చూస్తా ఉండె. లైను కాడ నిలబడిన పిల్లోడూ మబ్బే చూసినాడు. రెండేండ్ల తర్వాత వచ్చిన మబ్బు, చూడకుండా ఎవరుంటారు? అంతలోనే వాన దంచి కొట్టింది. సున్నం గీత తెల్లగా కరిగి కాళ్ళ మధ్య పారిపోయింది. బాలు పడిన గుర్తు కూడా పాయ. రేపు చూద్దామన్నారెవరో. రేపు ఎవరొస్తారు? ఒక్కరు కూడా చెట్టు కిందికి గాని, బడి వరండాకు గాని పోలేదు. అందరూ తడుస్తా, అరుచుకుంటా, నవ్వుకుంటా ఎవరి ఊరికి వాళ్ళు పరిగెత్తినారు, విత్తనం ఒలిచేదానికి. ఫైనలు ఎవరూ ఆడలేదు. షీల్డు బడి బీరువాలోనే ఉండిపాయ.

ఈరమ్మవ్వ కంబళి మూటకు చుట్టి ఇచ్చేసింది. "గింజలకు కప్పుకోని పోండి. నా ముసలి తోలు కరిగిపోదులే" అనింది.

అక్క ఊరు

మూడు మైళ్ళు బావ మూట నెత్తిన పెట్టుకుని, నేను వెనక. నిలువునా తడిసి, బురద కొట్టుకుని ఇల్లు చేరినాము. అక్క నన్ను పలకరించక ముందే మూట విప్పింది. మోచేయి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గింజలు తీసి చూసింది. పొడిగా ఉండాయి. నన్ను ఒకసారి కిందికీ పైకీ చూసింది. పోయి నాకు నీళ్ళు కాచింది.

ఆ సాయంత్రం వేడి రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి. తింటా ఉంటే బావ అడిగినాడు. "నిజం చెప్పు మరదలా, లోపలా, బయటా?"

"చూడలేదు బావా."

"ఆట పడితే అన్నం మరిచిపోయేదానివి, చూడలేదంటే నేను నమ్మాలా? మీ ఊరి పరువు పోతాదని దాస్తాండావు."

మర్నాడు పల్లెలో ప్రతి ఇంటి అరుగు మీదా ఒలుపుడే. ఒక్క మా బావ గొర్రు మాత్రం తెల్లారేసరికి చేన్లో ఉండె. వెనక అక్క నడుస్తా గొర్రు మీది జడ్డిగం గిన్నెలోకి గింజలు విడుస్తాండె. చూడవచ్చినోళ్ళందరితో "మా మరదలు ముందుగానే ఒలిపించుకోని వచ్చిందప్పా, వాన సంగతి దానికి తెలుసు" అని బావ గొప్పలు. నేను తల ఎత్తితే ఒట్టు.

తడి ఆగిన చోటు

మూడో దినం బస్సెక్కినా. కంబళి బలసముద్రం పోయే మనిషితో పంపించినాము. హొసకోట దాటినంక కూడా గుంటల్లో నీళ్ళు, చేన్లలో విత్తే గొర్రులు, జనం. మా ఊరు ఇంకా రెండు మైళ్ళు ఉందనగా తడి గీత గీసినట్ల ఆగిపోయింది. అవతల అంతా దుమ్ము. మాకు ఒక్క చినుకు రాలేదు.

అమ్మ అరుగు మీద కూర్చుని ఉండె. పిల్లోళ్ళు అంతా చెప్పేసినట్లుండారు. కాళ్ళిరగ్గొడతాదని చూసినా. "అక్కోళ్ళు వేసుకున్నారా?" అని అడిగింది. వేసుకున్నారన్నా. "ఆడన్నా పడిందిలే" అని లోపలికి పోయింది. మాకు పడింది ఇంకో ఇరవై దినాలకు.

ఓబులేసూ వాళ్ళూ చుట్టుముట్టినారు. చూడలేదంటే నమ్మలేదు. "అక్క కాపురం కోసం దాస్తాండావు" అన్నారు. ఆ ఊర్లో మా ఊరి కోసం, ఈ ఊర్లో ఆ ఊరి కోసం. నిజం చెప్పి రెండు ఊర్లలో అబద్ధాలకోరునైనా.

మళ్ళీ పోయినప్పుడు

పోయిన వేసవిలో అక్క ఇంటికి పోయినా. హైస్కూలు గ్రౌండుకు గోడ కట్టినారు. తుమ్మచెట్టు లేదు. ఈరమ్మవ్వ ఎప్పుడో పోయింది. బావ జుట్టు నెరిసింది, నడుం వంగింది, ప్రశ్న మాత్రం వంగలేదు.

"ఇప్పుడన్నా చెప్పు మరదలా. ఎవరికీ చెప్పనులే. లోపలా, బయటా?"

"చూడలేదు బావా."

"అబద్ధం."

మా అక్కకు ఆట తెలీదు. నెట్టుకు ఏ పక్క ఎవరుంటారో కూడా తెలీదు. ఇన్నేండ్లలో ఆ సంగతి మీద ఒక్క మాట మాట్లాడలేదు. చేటలో బియ్యం ఏరుతా, తల ఎత్తకుండా అనింది.

"అది చూసిండదు. చూసింటే ఆ దినం మన గింజలు తడిసుండేవి."

బావ చేటను చూసినాడు, నన్ను చూసినాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఎవరూ చూడకుంటే ఆ సర్వీసు మళ్ళీ వేయాల. అది రూలు. ఓబులేసును పిల్చుకోని రా" అన్నాడు.

ఓబులేసుకు మోకాళ్ళు అరిగిపోయి కర్ర పట్టుకుని నడుస్తాండాడు. అరుగు ఎక్కేదానికే ఇద్దరు పట్టాల.

"వస్తాడు బావా" అన్నా.